సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: ఇంధనం దారిలో లోపం పట్టుకోవడం ఎలా

పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం అందుకోదు. ఎనిమిది, పది సెకన్లు లాగి లాగి, ఒకసారి దగ్గి, అప్పుడు స్టార్ట్ అవుతుంది. ఆ తర్వాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. ఇలాంటి బండిని షెడ్డుకి తీసుకెళ్తే మొదట వినిపించే మాట "పంపు వీకయింది బాబూ, విశాఖ పంపాలి". రెండోది "నాజిళ్లు మార్చేద్దాం". నాజిల్ అంటే సిలిండర్‌లోకి డీజిల్‌ని పిచికారీ కొట్టే మొన. రెండూ నిజమే కావచ్చు. కానీ ట్యాంకు నుంచి సిలిండర్ దాకా ఉన్న దారిలో అన్నిటికంటే ఖరీదైనవి ఆ రెండే. అందుకే వాటిని చివర్లో అనుమానించాలి. బీటలు వారిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు, నలిగిన రాగి వాషర్, మూసుకుపోయిన ఫిల్టర్, ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, వీటి సంగతి ముందు తేల్చుకోండి. వీటిలో చాలావరకు ఇంటి దగ్గరే, రెండు మూడు పానాలతో తేలిపోతాయి.

ఇక్కడ ఎక్కువగా చెప్పేది డీజిల్ గురించే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ట్రాక్టరు, బొలేరో, డీజిల్ ఆటో, నీళ్ల ఇంజిన్ లేనిదే పని నడవదు కదా. పెట్రోల్ కారు, బైకు సంగతి చివర్లో చూద్దాం.

ముందు ఇది ఇంధనం జబ్బేనా?

సెల్ఫ్ ఎంత వేగంగా తిరుగుతోందో చెవి పెట్టి వినండి. "రుర్... రుర్... రుర్..." అని బరువుగా తిరుగుతుంటే ఇంధనం జోలికి పోవద్దు. అది బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, లేదా ఎర్త్ వైరు సమస్య. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి పడకూడదు.

సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు, అంటే కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు వాళ్లు ఇక్కడ ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు తెల్లగా, పచ్చగా పూస్తాయి. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని ఆ ఉప్పు లోపలి నుంచి తినేస్తుంది, పైకి బాగానే కనిపిస్తుంది.

కామన్ రైల్ డీజిల్ బండి, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే ఉమ్మడి గొట్టం (రైల్) నుంచి హై ప్రెషర్ డీజిల్ అందే బండి అయితే ఇంకో మెలిక ఉంది. దాని హై ప్రెషర్ పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే ఆ రైల్‌లో ప్రెషర్ పెరగదు, ప్రెషర్ చాలకపోతే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) నాజిళ్లను తెరవనివ్వదు. అంటే బ్యాటరీ జబ్బు అచ్చం డీజిల్ జబ్బులాగే కనిపిస్తుంది. పంపు విప్పించే ముందు ఒక మంచి బ్యాటరీ తెచ్చి జంపర్ కేబుల్ వేసి చూడండి. వెంటనే అందుకుంటే మీ డబ్బు చాలా మిగిలినట్టే.

ఇంకో చిన్న సంగతి. పాత ట్రాక్టర్లలో ఇంజిన్ ఆపే నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. కేబుల్ తుప్పు పట్టి సగంలో ఇరుక్కుంటే పంపు నుంచి డీజిల్ సరిగా రాదు. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, దీనికోసం పంపు విప్పినవాళ్లు ఉన్నారు.

ఏ పరీక్ష చేసినా సెల్ఫ్ ఒక్క దఫాకి 10 సెకన్లకు మించి కొట్టవద్దు. మధ్యలో అర నిమిషం ఆపండి. లేకపోతే డీజిల్ లోపం వెతుకుతూ సెల్ఫ్ మోటారు కాల్చుకుంటారు.

ఎప్పుడు ఆలస్యమవుతోంది?

ఎంతసేపు ఆలస్యమవుతోందన్నది అంత ముఖ్యం కాదు. ఎప్పుడు ఆలస్యమవుతోందన్నదే అసలు ప్రశ్న. నాలుగు రోజులు గమనించి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మెకానిక్‌కి ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఇంకోటి ఉండదు.

రాత్రంతా ఆపాక మాత్రమే మొరాయించి, పగలు ఎన్నిసార్లు ఆపినా వెంటనే అందుకుంటోందా? అయితే బండి నిలబడి ఉన్నంతసేపట్లో గొట్టాల్లోని ఇంధనం వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది, దాని చోట గాలి చేరుతోంది. ఇది చాలా మామూలుగా కనిపించే రకం. మరమ్మతు కూడా చౌక.

పొద్దున బాగానే అందుకుని, దూరం నడిపి ఆపి, టీ తాగి వచ్చాక మొరాయిస్తోందా? ఇది తిరకాసు రకం. వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది. అరిగిన పంపులోంచీ నాజిళ్లలోంచీ తేలిగ్గా జారిపోతుంది, అందువల్ల ప్రెషర్ నిలవదు. ఖరీదైన భాగాల మీద అనుమానం న్యాయంగా పడేది ఇక్కడే.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుండి, పావు ట్యాంకుకి వచ్చేసరికి మొదలవుతోందా? ట్యాంకు లోపలి పికప్ గొట్టానికి చిల్లు పడి ఉండొచ్చు. అడుగున చేరిన మడ్డి అయినా కావచ్చు.

ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచే మొదలైందా? ఇంకెక్కడా వెతకవద్దు. పాత రబ్బరు రింగు ఫిల్టర్ హెడ్‌కి అంటుకుపోయి, దాని మీదే కొత్తది బిగించి ఉంటారు. లేదా కొత్త రింగు మెలిక పడి ఉంటుంది.

నడుస్తూ నడుస్తూ గంటకి ఆగిపోయి, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతోందా? ట్యాంకు మూత తిప్పండి. "స్స్" మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. దమ్ము పట్టే రోజుల్లో ట్రాక్టర్లకు ఇది మామూలే. కేజ్ వీల్స్ చిమ్మిన బురద మూత మీద ఎండి, ఆ సన్నని రంధ్రాన్ని పూడ్చేస్తుంది. డీజిల్‌తో కడిగి గాలి కొడితే సరి.

ఇక "చలికి డీజిల్ గడ్డకట్టింది" అనే మాట మన తీరంలో చెల్లదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఇక్కడ అంత చలి ఉండదు. చలికాలంలో మాత్రమే ఆలస్యమవుతుంటే, హీటర్ ప్లగ్గులు (సిలిండర్‌ని ముందే వేడి చేసేవి) ఉన్న ఇంజిన్ అయితే వాటిని చూపించండి. అవి లేని ఇంజిన్ అయితే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) అయినా తగ్గి ఉండాలి, నాజిల్ పిచికారీ అయినా చెడి ఉండాలి.

పొగ ఏం చెబుతోంది?

ఒకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి మీరు సైలెన్సర్ వెనక నిలబడండి.

సెల్ఫ్ తిరుగుతున్నా పొగ అసలు రాకపోతే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు. గాలి, ఫిల్టర్, పంపు, ఈ దారిలో వెతకాలి. తెల్లని పొగ, పచ్చి డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదు. అప్పుడు గొట్టాలు వెతికి లాభం లేదు. హీటర్, కంప్రెషన్, పంపు టైమింగ్, నాజిల్ పిచికారీ చూడాలి. అందుకున్న మరుక్షణం నల్లని పొగ గుప్పున వచ్చి సర్దుకుంటే ఏదో ఒక నాజిల్ కారుతోందని అనుమానించవచ్చు.

చాలా షెడ్లలో ఈ పరీక్ష ఎవరూ చేయరు. అర నిమిషం పని, పానా కూడా అక్కర్లేదు. సగం అనుమానాలు ఇక్కడే తీరిపోతాయి.

గాలి ఎక్కడ దూరుతోంది?

డీజిల్ బండి రాత్రి నిలబెట్టాక మొరాయిస్తే పట్టుకోవాల్సింది దీన్నే. ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ట్యాంకులోంచి డీజిల్ లాగే చిన్న పంపుని ఫీడ్ పంపు అంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టంలో ఆ పంపు డీజిల్‌ని పీలుస్తుంది. పంపు తర్వాత డీజిల్‌ని తోస్తుంది. తోసే వైపు చిల్లు పడితే డీజిల్ కారుతుంది, కంటికి కనిపిస్తుంది. పీల్చే వైపు చిల్లు పడితే గాలి లోపలికి పోతుంది, ఒక్క చుక్క కూడా బయటికి రాదు. "ఎక్కడా లీకేజీ లేదండీ, అంతా పొడిగా ఉంది" అని చెప్పే బండిలోనే గాలి పట్టేది. ట్యాంకు ఎత్తున ఉండే ట్రాక్టర్లు, నీళ్ల ఇంజిన్లలో డీజిల్ తనంతట తానే కిందికి దిగుతుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. ట్యాంకు వెనక, కింద ఉండే జీపులు, వ్యాన్లు, ఆటోలకు ఎక్కువ.

మొదటి పరీక్షకి ఏ సామానూ అక్కర్లేదు. ఒక రాత్రి బండిని ముక్కు పల్లానికి ఉండేలా ఆపండి. కాలవ గట్టు దిగే వాలు అయినా, ఇంటి ముందు ర్యాంపు అయినా సరే. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు పెట్టడం మరవకండి. ట్యాంకు ఎత్తులో, ఇంజిన్ పల్లంలో ఉంటుంది కాబట్టి డీజిల్ వెనక్కి జారదు. మర్నాడు ఒక్క చిటికెలో అందుకుని, తర్వాతి రాత్రి ముక్కు ఎత్తుకి పెడితే మళ్లీ మొరాయించిందనుకోండి. ఇక సందేహం లేదు, డీజిల్ వెనక్కి జారుతోంది, ఎక్కడో గాలి పీలుస్తోంది.

రెండోది హ్యాండ్ ప్రైమర్ పరీక్ష. ఫిల్టర్ మీద నొక్కే బటన్ గానీ, గొట్టం మధ్యలో రబ్బరు బల్బు గానీ, ఫీడ్ పంపు మీద తిప్పి లాగే పిడి గానీ ఉంటుంది. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే దాన్ని నొక్కి చూడండి. మెత్తగా, ఖాళీగా తగులుతోందా? గట్టిపడేదాకా కొట్టి, అప్పుడు సెల్ఫ్ వేయండి. వెంటనే అందుకుంటే రాత్రి గొట్టాలు ఖాళీ అయ్యాయన్నమాట. ఎంత కొట్టినా గట్టిపడకపోతే ప్రైమర్ లోపలి వాల్వే పోయి ఉండొచ్చు. డీజిల్‌ని వెనక్కి జారనివ్వకుండా ఆపేది కూడా చాలా బళ్లలో ఆ వాల్వే.

మూడోది పారదర్శకమైన గొట్టం. డీజిల్‌కి తట్టుకునే తెల్లని గొట్టం జానెడు ముక్క కొనండి. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఉన్న గొట్టం తీసి, ఆ చోట దీన్ని క్లిప్పులతో బిగించండి. ఇంజిన్ నడుస్తుండగా దానిలో చూడండి. మొదటి నిమిషం ఒకటి రెండు బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తుంటే దానికంటే ముందు, అంటే ట్యాంకు వైపు, ఎక్కడో గాలి దూరుతోంది. అదే గొట్టాన్ని ఫిల్టర్‌కి ట్యాంకు వైపుకి మార్చండి. అక్కడ బుడగలు లేకపోతే తప్పు ఫిల్టర్‌లోనే. అక్కడా వస్తుంటే ఇంకా వెనక్కి వెళ్లండి. ఇలా అడుగు అడుగు వెనక్కి జరుపుకుంటూ పోతే దొంగ ఏ రెండు జాయింట్ల మధ్య ఉన్నాడో తేలిపోతుంది.

నాలుగోది డబ్బా పరీక్ష. నన్నడిగితే అన్నిటిలోకీ ఇదే గొప్పది. శుభ్రమైన చిన్న డబ్బాలో మంచి డీజిల్ పోసి, ఇంజిన్ కంటే ఎత్తులో కదలకుండా కట్టండి. దాని నుంచి కొత్త గొట్టం నేరుగా ఫిల్టర్‌కి ఇవ్వండి. మిగిలిన డీజిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టం మామూలుగా ట్యాంకులోకే పోనివ్వండి. గాలి తీసి (ఎలాగో కింద ఉంది) స్టార్ట్ చేసి, ఆపి, బండిని అలాగే రాత్రంతా ఉంచండి. మర్నాడు వెంటనే అందుకుంటే చాలావరకు తప్పు ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్యే. పంపు, నాజిళ్లు నిర్దోషులు. అప్పటికీ మొరాయిస్తే గొట్టాలను వదిలేసి ముందుకు వెళ్లవచ్చు. ఈ పరీక్ష డీజిల్‌కి మాత్రమే. పెట్రోల్‌తో ఇలా చేయవద్దు.

తప్పు ఎక్కడుందో తేలాక బాగుచేయడం పెద్ద పని కాదు. రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి చూడండి, సన్నని బీటలు కనిపిస్తే మార్చేయండి. చివర గట్టిపడి ఉంటే ఆ అంగుళం కోసేసి మళ్లీ తొడగండి. బాంజో బోల్టులకు (లోపలి నుంచి డీజిల్ పోయే బోలు బోల్టులు) రెండు వైపులా ఉండే రాగి వాషర్లు ఒకసారి విప్పితే కొత్తవి వేయాలి. రూపాయల్లో వచ్చే వాషర్‌ని పొదుపు చేసి, దాని మీద పానాతో బలం చూపిస్తే బోల్టే విరుగుతుంది. ఛాసిస్ వెంట పోయే ఇనప గొట్టాన్ని బిగించిన క్లాంపుల దగ్గర ప్రత్యేకంగా చూడండి. అక్కడ బురద, ఉప్పు తేమ నిలిచి, గొట్టాన్ని కింది నుంచి తినేస్తుంది.

గాలి తీయడం

ఇది పాత తరహా మెకానికల్ పంపు ఉన్న ట్రాక్టర్లు, జీపులు, నీళ్ల ఇంజిన్లకు.

ట్యాంకులో కనీసం సగం డీజిల్ ఉండాలి. ఫిల్టర్, పంపు చుట్టూ ఉన్న మట్టిని ముందే గుడ్డతో శుభ్రంగా తుడవండి, స్క్రూ తీసిన రంధ్రంలోకి ఒక ఇసుక రేణువు కూడా పోకూడదు. మొదటి ఫిల్టర్ మీద బ్లీడ్ స్క్రూని, అంటే గాలి వదిలే స్క్రూని, రెండు చుట్లు వదులు చేసి ప్రైమర్ కొట్టండి. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి చిక్కని డీజిల్ ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించండి. ప్రైమర్ ఆపేశాక బిగిస్తే మళ్లీ గాలి పీల్చుకుంటుంది. రెండో ఫిల్టర్ ఉంటే దానికీ ఇదే పని. తర్వాత పంపు మీద ఉన్న స్క్రూ దగ్గర. చివరిగా నాజిళ్ల దగ్గర పైపు నట్లు అర చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ కొట్టించండి. నట్ల దగ్గర డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటే బిగించండి. ఇంజిన్ తడబడుతూ అందుకుంటుంది, కాసేపట్లో సర్దుకుంటుంది.

నాజిల్ నట్లు వదులు చేసే ఈ చివరి పని కామన్ రైల్ ఇంజిన్ మీద ఎప్పుడూ చేయకూడదు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాటుతుంది. సూది మొనంత సందులోంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చి లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది గానీ, గంటల్లో వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలాంటిది జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని చెప్పండి. లీకు ఉందేమోనని స్టీలు పైపుల మీద చేయి పెట్టి తడమవద్దు, అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి. కామన్ రైల్ బళ్లకు హ్యాండ్ ప్రైమర్ కొట్టడం, లేదా తాళం ఆన్ చేసి ట్యాంకులోని పంపుని తిరగనివ్వడం, అంతవరకే.

నీళ్లు, మడ్డి, ఫిల్టర్

మన గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ లోపలి గోడల మీద చెమ్మ పడుతుంది. అది చుక్క చుక్కగా అడుగుకి చేరుతుంది, డీజిల్ కంటే నీళ్లు బరువు కదా. నీళ్లూ డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురులా మడ్డి కడుతుంది. నెలల తరబడి కదలని నీళ్ల ఇంజిన్‌లో ఫిల్టర్ మూసుకుపోయేది చాలావరకు ఈ జిగురుతోనే. కోతలయ్యాక షెడ్డులో పెట్టేసే ఇంజిన్ ఏదైనా ట్యాంకు నింపి పెట్టండి. ఖాళీ చోటు లేకపోతే చెమ్మ పట్టదు.

నీళ్లు ఉన్నాయో లేదో చూడటానికి పొద్దున బండి కదపకముందే ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి, మొదట వచ్చే డీజిల్‌ని గాజు సీసాలో పట్టండి. కాసేపు కదలకుండా ఉంచితే నీళ్లు అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. డీజిల్ మసకగా, పాలు కలిసినట్టు ఉన్నా నీళ్లు ఉన్నట్టే. కొంచెం వస్తే తీసేసి, వారం తర్వాత మళ్లీ చూడండి. మళ్లీ అంతే వస్తే ట్యాంకు దింపి కడగాల్సిందే. తుపాను రోజుల తర్వాత ఈ పరీక్ష తప్పనిసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక ఉద్దానం ఊళ్లలో జనరేటర్లే దిక్కయ్యాయి. అలాంటప్పుడు దొరికిన డబ్బాలో దొరికిన డీజిల్ తెచ్చి పోస్తాం. ఆ డబ్బాలో అంతకుముందు ఏముందో ఎవరూ చూడరు.

ఫిల్టర్ సగం మూసుకుపోతే ముందు స్టార్టింగ్ ఆలస్యమవుతుంది, తర్వాత లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు. ఈ రెండూ కలిసి వస్తే ఫిల్టర్ మార్చి చూడండి, ఎలాగూ మార్చాల్సిందే. కొత్త ఫిల్టర్‌లో డబ్బాలోంచి డీజిల్ పోసి బిగించే అలవాటు చాలామందికి ఉంది. కామన్ రైల్ బండికి అది మంచిది కాదు. వడగట్టని డీజిల్ శుభ్రమైన వైపుకి పోయి నేరుగా పంపుని గీరుతుంది. ఖాళీ ఫిల్టర్ బిగించి ప్రైమర్‌తోనే నింపండి. పాత ఫిల్టర్‌ని పారేసే ముందు కోసి, కాగితం మడతలు విప్పి చూడండి. మెరిసే ఇనప రజను కనిపిస్తే పంపు అరగడం మొదలైందని అర్థం. తుప్పు రంగు పొడి అయితే ట్యాంకుది.

బంకు మీద అనుమానం ఉంటే గొడవ పడక్కర్లేదు. ప్రతి బంకులో 5 లీటర్ల కొలపాత్ర, ఫిల్టర్ పేపర్, డెన్సిటీ చూసే హైడ్రోమీటర్ ఉండాలి. అడిగితే వినియోగదారుడికి చూపించాలి. పెట్రోల్ చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేస్తే మరక లేకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే కల్తీ అయి ఉండొచ్చు.

ఇక నాజిళ్లు, పంపు

పైవన్నీ బాగున్నాక మాత్రమే ఇక్కడికి రండి.

కామన్ రైల్ బండి అయితే స్కానర్ పెట్టించి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైల్ ప్రెషర్ ఎంత వస్తోందో చూపించమనండి. మోడల్‌ని బట్టి సుమారు 150 నుంచి 300 బార్ వస్తే గాని ఈసీయూ నాజిళ్లు తెరవదు. రెండు సెకన్లలో ఆ అంకె దాటాలి. పాక్కుంటూ పైకి వెళ్తుంటే ప్రెషర్ ఎక్కడో జారిపోతోంది. తర్వాతి ప్రశ్న ఎక్కడ అన్నది. దానికి సీసాల పరీక్ష ఉంది. ప్రతి నాజిల్ రిటర్న్ గొట్టాన్నీ విడదీసి ఒక్కో చిన్న సీసాలోకి వదిలి, ఇంజిన్‌ని ఐడిల్‌లో రెండు నిమిషాలు నడిపిస్తారు. నాలుగు సీసాలూ దాదాపు సమానంగా నిండాలి. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండితే ఆ ఒక్క నాజిల్ తప్పు. నాలుగూ తక్కువగా, సమానంగా ఉండి ప్రెషర్ మాత్రం రాకపోతే పంపుని, దాని మీద ఉండే సక్షన్ కంట్రోల్ వాల్వ్‌ని (పంపులోకి ఎంత డీజిల్ పోవాలో చూసుకునేది) అనుమానించాలి. వాల్వ్ ఒక్కదాన్నే మార్చే వీలుంటే ముందు అదే చేయించండి. ఇదంతా చేయి తిరిగిన మెకానిక్ పని, ఇంటి దగ్గర చేసుకునేది కాదు. కానీ ఈ పరీక్ష చేయకుండా నాలుగు నాజిళ్లూ మార్చాలని ఎవరన్నా అంటే బండి అక్కడ వదలవద్దు.

పాత మెకానికల్ నాజిళ్లకు చేతి పంపు ఉన్న టెస్టింగ్ బెంచ్ మీద పరీక్ష ఉంటుంది. దగ్గరుండి చూడండి. నిర్ణీత ప్రెషర్ దగ్గర "కిర్ర్" మని శబ్దం చేస్తూ మంచులా పిచికారీ కొట్టాలి. ధారలా కారినా, కొట్టాక మొనకి చుక్క వేలాడినా అది పనికిరాదు. మార్చిన నాజిళ్లు పాతవి అడిగి తెచ్చుకోండి.

పెట్రోల్ కారు

ఇక్కడ రెండు చిన్న పరీక్షలు చాలు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద, ట్యాంకులోంచి రెండు సెకన్లు సన్నగా "జుయ్" మని పంపు శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూడాలి. వినిపిస్తే సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి, అప్పుడు స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే ప్రెషర్ రాత్రి జారిపోతోంది. చాలావరకు ట్యాంకులోని పంపుకి ఉండే నాన్ రిటర్న్ వాల్వ్ (పెట్రోల్‌ని వెనక్కి జారనివ్వనిది) లోపం అది.

తాళం అన్నిసార్లు తిప్పినా మార్పు లేకపోతే, ముఖ్యంగా వేడి మీద ఆపి పావుగంటకి స్టార్ట్ చేసినప్పుడు మొరాయిస్తూ పెట్రోల్ వాసన వస్తుంటే, ఇంజెక్టర్ కారుతోందేమో చూడాలి. యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అలా తొక్కితే ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది. అప్పుడు అందుకుంటే ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువైందని తేలినట్టే. రెండు పరీక్షలకూ లొంగకపోతే ప్రెషర్ గేజ్ పెట్టించాలి. చాలా కార్లకు 3 నుంచి 4 బార్ ఉంటుంది. ఆపాక అది గబుక్కున పడిపోకూడదు.

పెట్రోల్ గొట్టం విప్పే పని ఏదైనా ఆరుబయట, ఇంజిన్ చల్లబడ్డాక, బ్యాటరీ నెగటివ్ తీసేశాకే. బీడీ, చుట్ట దగ్గరికి రానివ్వకండి. నిప్పు నోట్లోనే ఉంటుందిలే అని అడ్డపొగ వేసేవాళ్లు ధీమాగా దగ్గరికి వస్తారు, వాళ్లతో సహా.

బైకు

కార్బురేటర్ బైకు వారం రోజులు ఆగితే కార్బురేటర్ కింది గిన్నెలోని పెట్రోల్ ఆవిరైపోయి మొదటిసారి ఆలస్యమవడం మామూలే. నాబ్ ఆన్ చేసి ఒక నిమిషం ఆగి, చోక్ లాగి కిక్ కొట్టండి. రోజూ నడిపే బైకు రోజూ చోక్ అడుగుతుంటే కార్బురేటర్‌లోని పైలట్ జెట్ (పెట్రోల్ పోయే సన్నని రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు. గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి సీసాలో పట్టి చూడండి, నీటి బొట్లు అడుగున పూసల్లా దొర్లుతుంటాయి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ఆపేసే బైకు అయితే నాబ్ ఆఫ్ చేసి, ఆ గిన్నె ఖాళీ చేసి పెట్టండి. పాత బైకుల్లో రబ్బరు గొట్టం మెత్తబడిందేమో కూడా ఒకసారి నొక్కి చూడండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యం నిబంధన) బైకుల్లో చాలావాటికి కార్బురేటర్ లేదు, కారులాగే ట్యాంకులో పంపు ఉంటుంది. తాళం ఆన్ చేశాక ఆ "జుయ్" శబ్దం ఆగేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ నొక్కండి. ట్యాంకు అడుగంటేదాకా నడిపే అలవాటు వీటికి పనికిరాదు. ఆ పంపుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే.